ఎవరూ నొక్కకుండా దిగే బటన్

వర్డ్ ప్రాసెసర్‌లో బోల్డ్ బటన్ నొక్కితే లోపలికి దిగి అలాగే ఉంటుంది. మళ్లీ నొక్కితే పైకి లేస్తుంది. దీన్నే టాగుల్ బటన్ అంటాం. మామూలు బటన్ పని చేయించి ఊరుకుంటుంది. ఇది ఆ పనితో పాటు ఇప్పుడున్న స్థితినీ చూపించాలి. ఈ రెండో బాధ్యతను చాలామంది ప్రోగ్రామర్లు తేలిగ్గా తీసుకుంటారు. నాకది సహించదు.

కర్సర్ బోల్డ్ మాట మీదికి వెళ్లిందనుకోండి. బటన్ దానంతటదే దిగాలి. ఎవరూ నొక్కలేదు, ప్రోగ్రామే దించింది. చిక్కంతా ఇక్కడే. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు బటన్లు, కిటికీలు అందించే జీటీకే అనే టూల్‌కిట్‌లో బటన్ స్థితి మారిన ప్రతిసారీ 'టాగుల్డ్' సిగ్నల్ వస్తుంది. మార్చింది మనిషా, కోడా అని అది చెప్పదు. ఆ సిగ్నల్‌కు బోల్డ్ చేసే ఫంక్షన్‌ను నేరుగా తగిలిస్తే, బాణం కీతో కర్సర్ కదిపినంత మాత్రాన పత్రమే మారిపోవచ్చు! అలాంటిదే మరో టూల్‌కిట్ అయిన క్యూటీలో 'టాగుల్డ్'తో పాటు 'క్లిక్డ్' కూడా ఉంది. కోడ్‌లో సెట్‌చెక్డ్ పిలిస్తే మొదటిది వస్తుంది, రెండోది రాదు. జావా వారి స్వింగ్ టూల్‌కిట్‌లోనూ సెట్‌సెలెక్టెడ్ పిలిస్తే ఐటమ్ ఈవెంటే తప్ప యాక్షన్ ఈవెంట్ రాదు. సిగ్నళ్లను కాసేపు ఆపే సిగ్నల్‌బ్లాకర్ క్యూటీ 5.3లో వచ్చింది. కానీ అది ఆ బటన్ మీద ఆధారపడ్డ మిగతా భాగాలకూ కబురు అందనివ్వదు. అందుకే నా ఓటు క్లిక్డ్‌కు. అసలు స్థితి పత్రంలో ఉండాలి, బటన్ దాన్ని చూసి దిగాలి, లేవాలి.

పేరు విషయంలోనూ జాగ్రత్త కావాలి. మ్యూట్ బటన్ దిగగానే దాని పేరు 'అన్‌మ్యూట్' అయితే, స్క్రీన్ రీడర్ వాడే చూపులేని మనిషికి 'అన్‌మ్యూట్, నొక్కి ఉంది' అని వినిపిస్తుంది. మైకు ఆగిందో లేదో ఆయనకు ఎలా తెలుస్తుంది? స్థితి మారినా పేరు మారకూడదని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ వారి ఏరియా (ARIA) అనే అందుబాటు మార్గదర్శకాలు చెబుతాయి. అవి వెబ్ కోసం రాసినవే అయినా డెస్క్‌టాప్‌లోనూ పాటించాల్సిందే.

ఎంచుకున్న వాక్యంలో సగం బోల్డ్, సగం మామూలు అక్షరాలుంటే? జీటీకే 3లో టాగుల్ బటన్‌కు ఇందుకోసమే 'ఇన్‌కన్సిస్టెంట్' అనే ప్రాపర్టీ ఉండేది. 2020లో వచ్చిన జీటీకే 4లో అది చెక్ బటన్‌కు వెళ్లింది. నేనైతే అలాంటప్పుడు బటన్‌ను పైకే ఉంచుతాను. ఒకసారి నొక్కితే వాక్యమంతా బోల్డ్ అవ్వాలి, రెండోసారి నొక్కితే అంతా మామూలవ్వాలి.