తాత పెట్టిన పసుపు

మా తాతకు సంతకం రాదు. గోవాడలో మా పొలం పత్రం మీద వేలిముద్ర వేసేముందు నాలుగు మూలలా పసుపు అద్దాడు. సిరా ఆరేదాకా బొటనవేలు గాల్లోనే ఉంచి, కాగితాన్ని కళ్లకద్దుకుని ట్రంకుపెట్టెలో దాచాడు. ఆ పత్రం ఇప్పుడు నా దగ్గరుంది. పసుపు మట్టిరంగుకు తిరిగింది గానీ వేలిగీతలు చెదరలేదు.

రాగిశాసనాల ముద్రలు చూసినప్పుడల్లా నాకు ఆ వేలే గుర్తొస్తుంది. వేంగి చాళుక్యుల ముద్రలో వరాహం నిలబడి ఉంటుంది. ఆ లాంఛనం నారాయణుడి దయవల్ల తమకు దక్కిందని వాళ్ల శాసనాలే చెప్పుకున్నాయి. పైన సూర్యచంద్రులు. దానం ఆచంద్రార్కం నిలవాలన్న మాటను చదువురానివాడు కూడా బొమ్మలో చూసి తెలుసుకోవచ్చు. ‘శ్రీ త్రిభువనాంకుశ’ అని బిరుదు చెక్కి, పక్కనే మావటివాడి అంకుశాన్నీ చెక్కారు. పేరు చదవలేనివాడికి అంకుశమే పేరు. ఆ ముద్ర చెక్కిన కంసాలికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

శాసనం చెక్కిన రాగి రేకులకు చిల్లు పెట్టి, రాగి కడియం దూర్చి, దాని రెండు కొసలనూ ముద్రలో కలిపి అతికేవారు. మధ్యలో దొంగరేకు చేర్చాలంటే కడియం కోయాల్సిందే. అందుకే పాత శాసనం దొరికితే పండితులు ముందు చూసేది కడియం తెగిందా లేదా అని.

మా కళింగం వైపు గంగరాజులది నంది. మహేంద్రగిరి గోకర్ణేశ్వరుడు వాళ్ల కులదైవం. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగుడి శాసనాలు విశాఖపట్నంలో దొరికాయి. 1081 నాటి దానిలో ఆయన పరమమాహేశ్వరుడు, అంటే శివభక్తుడు. తరువాత విష్ణుభక్తుడై పూరీ జగన్నాథుడి ఆలయం తలపెట్టాడు. అయినా వంశముద్రలో నంది లేవలేదు, కూర్చున్నచోటే కూర్చుంది. రాజు మనసు మారవచ్చు, తాతలనాటి సాక్షిని మార్చలేడు కదా!

రాజులకే కాదు, 13వ శతాబ్దపు ఇంగ్లండులో మామూలు రైతులకూ సొంత ముద్రలుండేవి. మైనం మీద కొందరు ఏసుకు గుర్తైన గొర్రెపిల్లను అద్దేవారు. మా తాత వాళ్ల పక్కన కూర్చుంటే భాష రాకపోయినా ఆ పని ఎందుకు చేస్తున్నారో ఇట్టే పోల్చుకునేవాడు.

మొన్న పత్రం జిరాక్సు తీయించడానికి చోడవరం వెళ్లాను. మిషను మీద పెట్టబోతూ కుర్రాడు మూలనున్న మరకను గోటితో గీకబోయాడు.

“ఆగు బాబూ, అది మరక కాదు.”

“మరేటండీ?”

మా తాత పెట్టిన పసుపని చెప్పాను. గోరు వెనక్కి తీసుకుని, కాగితాన్ని రెండు చేతులతో అద్దం మీద పరిచాడు.