జేబు కింది రంగు

బొంత కుట్టడం మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకుంటాను గానీ, నిజానికి నా పని సూదిలో దారం ఎక్కించి ఇవ్వడమే. ఆవిడకి చూపు ఆనేది కాదు. కింద ఒక నేతచీర, పైన ఒక నేతచీర, మధ్య పొరలకి తాతయ్య పాత పంచెలు. చిరుగుల్ని పక్కకి తోస్తుంటే కసిరేది: “అరిగిన గుడ్డే మెత్తన. అది పడెయ్యకే!”

అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ బొంతల ఫొటోలు చూసినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. మూడు వైపులా నది చుట్టిన పల్లె అది. ఒకప్పుడు పెట్‌వే అనే దొర పత్తి తోట. బానిసల బిడ్డలు, మనవలు అక్కడే కౌలు రైతులై పత్తి పండించారు. చాలామందికి ఇంటిపేరుగా ఆ దొర పేరే మిగిలింది. 1932లో, అప్పులిచ్చిన షావుకారు పోయాక, అతని తాలూకు వాళ్లు బాకీ కింద గొడ్లూ పనిముట్లూ గింజలూ ఊడ్చుకుపోయారు. చలిగాలికి అడ్డంగా గోడలకి పాత కాగితాలు అతికించుకున్న ఇళ్లు. బొంతలోకి దూది కావాలంటే జిన్నింగు మిల్లు నేల మీద రాలింది ఏరి తెచ్చి, కర్రతో బాది దుమ్ము దులుపుకోవాలి. పత్తి పండించినవాళ్లకి ఊడ్పు పత్తి! ఈ సంగతి మన పత్తి రైతుకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఊళ్లో మిస్సూరి పెట్‌వే భర్త పోయాడు. 1942లో ఆవిడ ఆయన పొలం బట్టలన్నీ ముందేసుకుని, కూతురు ఆర్లోంజియాని సాయం కూర్చోబెట్టుకుని, ప్యాంటు కాళ్లూ చొక్కా అంచులూ చింపి బొంత కుట్టింది. ఆయన్ని తలుచుకుంటూ, ఆ ప్రేమనే కప్పుకుని పడుకుంటానని చెప్పిందట.

ఆ ఊరి పనిబట్టల బొంతల్లో నా చూపు ఆగేది ఒకచోటే. మోకాళ్ల దగ్గర నీలం వెలిసి తెల్లబడి ఉంటుంది. జేబు ఊడదీసిన చోట మాత్రం ఎండ తగలని ముదురు నీలం అలాగే ఉంటుంది. మనిషి ఎక్కడ వంగాడో, ఎక్కడ మోకాళ్లూనాడో గుడ్డ చెబుతుంది. 2002లో హ్యూస్టన్ మ్యూజియం వీటిని గోడలకి వేలాడదీస్తే, ఆధునిక చిత్రకళతో సమానమని మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. నాకు మాత్రం గోడనున్న బొంతని చూస్తే కాళ్లకి చలేస్తుంది.

మన వైపు పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచరు. తాతయ్యవీ పన్నెండో రోజులోపే ఇచ్చేశారు. చొక్కాలు, కండువా, ఉతికి ఆరేసి ఉన్న పంచె కూడా. అమ్మమ్మ అడ్డు చెప్పలేదు. ఆ రాత్రి బొంత తీసి పరుచుకుంది. పైకి కనిపించేది చీరే కదా, దాన్ని ఇచ్చెయ్యమని ఎవరికీ తోచలేదు.