పదహారు బండ్ల పాట

హైదరాబాద్ నుంచి ఉత్తరానికి పోయే పెద్ద దారుల్లో ఒకటి మేడ్చల్ మీదుగా తూప్రాన్ చేరుతుంది. ఇంకొకటి శామీర్‌పేట దాటి ప్రజ్ఞాపూర్‌కు పోతుంది. తూప్రాన్ గద్దర్ పుట్టిన ఊరు, ప్రజ్ఞాపూర్ బి. నర్సింగరావుది. నర్సింగరావు నిర్మాతగా 1979లో తయారైన ‘మాభూమి’ సినిమాలో, భుజాన గొంగడితో గద్దర్ పాడిన పాట ‘బండెనక బండి కట్టి’. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. పాట కట్టింది మాత్రం తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. తెరమీదికి వచ్చేసరికే దాని వయసు ముప్పై దాటింది.

ఈ పాటను అందరూ ఆవేశం కోసం తలుచుకుంటారు. నేను దాని కట్టుబడికి దండం పెడతాను.

పల్లవి ఒక ప్రశ్న. ఇన్ని బండ్లు కట్టుకుని ఏ బండిలో పోతావని నిజాం సర్కారును నిలదీయడం. జవాబు ఎవరూ చెప్పరు. ప్రతి చరణమూ ఒక నేరాన్ని తెచ్చి ఆ ప్రశ్న ముందు దించుతుంది, ప్రశ్న మళ్లీ వస్తుంది. మాటలు అవే, వరస అదే, బరువు మాత్రం మారింది. మొదటిసారి అది వెక్కిరింత, నడుమ విచారణ. గోల్కొండ కింద నీ గోరీ కడతామనే మాట వచ్చాక అదే ప్రశ్న తీర్పులా వినిపిస్తుంది. వరసలో పెద్ద ఎగుడుదిగుడులు లేవు, ఒక్కసారి విన్నవాడు రెండోసారికి గొంతు కలుపుతాడు. పాలకుణ్ణి ‘కొడకో’ అని పిలిచేచోట గద్దర్ గొంతు సాగుతుంది. విన్నవాళ్లు అందుకోవడానికి ఆ సాగుడులోనే చోటుంది.

ఇలా ఒకే ముక్కను తిప్పి తిప్పి వినిపించడం యాంబియంట్ సంగీతానికీ ప్రాణమే. అమెరికన్ స్వరకర్త విలియం బాసిన్‌స్కీ 1980ల నాటి తన టేపుల్ని 2001లో డిజిటల్‌లోకి మారుస్తుంటే, తిరిగిన ప్రతిసారీ వాటి అయస్కాంత పూత రాలిపోయింది. సంగీతం చిల్లులు పడుతూ అణిగిపోయింది. ఆ అరుగుదలనే ఆయన ‘ది డిసింటిగ్రేషన్ లూప్స్’గా విడుదల చేసి, సెప్టెంబర్ 11 దాడి మృతులకు అంకితమిచ్చాడు. అక్కడ తిరిగినకొద్దీ ధ్వని తరుగుతుంది. యాదగిరి పాటలో తిరిగినకొద్దీ అభియోగం పెరుగుతుంది. గాయపడ్డ చరిత్రను వినిపించడానికి రెండూ గొప్ప పద్ధతులే. నాకు రెండోదే కష్టమైన పనిగా తోస్తుంది. బాసిన్‌స్కీకి యంత్రం సాయపడింది. ఇక్కడ అంతా కవి లెక్కే. ఏ నేరం ముందు, ఏది వెనక అన్నది తప్పితే బరువు పెరగదు, ఉత్త జాబితా మిగులుతుంది.

డీజే పెట్టెల మీద ఈ పాటను పరుగెత్తించే రీమిక్సులు నాకు నచ్చవు. చరణానికీ ప్రశ్నకూ మధ్య ఉండాల్సిన ఆ కాస్త ఊపిరి వాటిలో దొరకదు. నేరం చెవికి అందేలోపే పల్లవి వచ్చి పడుతుంది.