అర్థాన్ని నిలిపే చుక్క: అచ్చక్షర రూపం - పాఠ నిర్ణయం

గ్రంథ సమీక్షలో అచ్చు ప్రస్తావన వస్తే ‘ముద్రణ కంటికి ఇంపుగా ఉంది’ అనే వాక్యంతో సరిపెట్టడం పరిపాటి. అక్షర రూపాన్ని కేవలం అలంకారంగా చూసే ఈ దృష్టి తెలుగు విషయంలో చాలదు. ‘అర్థం’, ‘అర్ధం’ అనే రెండు మాటలను తీసుకుందాం. మొదటిది భావం, రెండవది సగం. థకార ధకారాలను వేరుచేసేది లోపలి చుక్క ఒక్కటే.

ఆ చుక్క ఎంత పరిమాణంలో కనిపిస్తుందన్నది లేఖన సంప్రదాయాన్ని బట్టి మారింది. పాత అచ్చు పుస్తకాల్లో రేఫ సంయుక్తాలను వలపలగిలకతో కూర్చేవారు. అప్పుడు థకారం పంక్తిలో తలకట్టుతో నిండుగా నిలిచేది. రేఫ దాని కుడిపక్కన గిలకగా చేరేది. వలపలగిలక వాడుక తొలగి రేఫ పంక్తిలోకి వచ్చాక థకారం దాని కింద ఒత్తుగా కుదించుకుపోయింది; చుక్కా దానితోపాటే చిన్నదైంది. సరళీకరణగా మనం మెచ్చుకొనే ఈ మార్పు పాఠకునికి ఒక స్పష్టమైన ఆనవాలును దూరం చేసింది. సీసపు అచ్చులో సిరా కాస్త పొంగితే ఆ సందు పూడిపోతుంది. అర్థం కాస్తా అర్ధమైపోతుంది. (ఈ శ్లేష నాది కాదు, లిపిదే.)

కంప్యూటర్ ఖతుల రాకతో సిరా బెడద తగ్గినా సందు బెడద పోలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఖతులను పక్కపక్కన పెడితే, పోతనలో గీత లావు సన్నాలుగా సాగుతుంది. వేమనలో దాదాపు ఒకే మందంతో నడుస్తుంది. మొదటిది గ్రంథస్థమైన గాంభీర్యాన్నీ, రెండవది నిరాడంబరమైన సూటిదనాన్నీ స్ఫురింపజేస్తాయి. ఈ స్ఫురణలో కవుల పేర్ల వాటా తక్కువేమీ కాదు. పేర్లను తారుమారు చేసి చూపితే ఎందరు అభ్యంతరం చెబుతారన్నది సందేహమే. స్ఫురణ అలవాటును బట్టి మారుతుంది. చుక్క ఉండటం, లేకపోవటం అలా మారేవి కావు. శీర్షికలకు ఉద్దేశించిన రామభద్ర వంటి బొద్దు ఖతిని చిన్న పరిమాణంలో మూలపాఠానికి వాడితే గీతల మందమే ఒత్తు లోపలి జాగాను మింగేస్తుంది. అది ఖతి దోషం కాదు, ఎంపిక దోషం.

యూనికోడ్‌లో ఈ రెండు వర్ణాలకూ వేర్వేరు సంకేతాలున్నాయి. యంత్రం వాటిని కలగలపదు. పాత ప్రతిని చూసి తిరిగి కూర్చే మనిషి కలగలుపుతాడు. ‘పురుషార్థం’ అలా ‘పురుషార్ధం’ అయితే పదసూచికలో అది వేరే మాటగా చేరుతుంది, అన్వేషణలో దొరకదు. ఇటువంటి పాఠభేదం కవిదా, లేఖకునిదా, కూర్పరిదా అని తేల్చాలంటే, మూలప్రతిలో ఆ సంయుక్తం గిలకతో ఉన్నదా, ఒత్తుతో ఉన్నదా అన్న సంగతిని పరిష్కర్త పీఠికలోనే నమోదు చేయవలసి ఉంటుంది.