జాగిలానికి తొలి వైద్యుడు

2025 ఏప్రిల్ 27. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వెంట సాగే కర్రెగుట్టల్లో మావోయిస్టుల కోసం గాలింపు జరుగుతోంది. మందుపాతరలు పసిగట్టే పనిలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో మీద ఒక్కసారిగా తేనెటీగల గుంపు విరుచుకుపడింది. రెండేళ్ల ఆడ బెల్జియన్ మాలినోయిస్ అది. హ్యాండ్లర్లు వెంటనే పాలిథీన్ షీట్ కప్పారు. ఈగలు షీటు కిందికీ దూరాయి. మంట తాళలేక రోలో కప్పు వదిలించుకొని బయటికి వచ్చింది. దాదాపు 200 ఈగలు కుట్టాయి. స్పృహ తప్పిన దానికి అక్కడే చికిత్స మొదలుపెట్టి తరలించారు. దారిలోనే ప్రాణం పోయింది.

అడవిలో, ఎదురుకాల్పుల నడుమ పశువైద్యుడు పక్కన ఉండడు. జాగిలానికి తొలి వైద్యుడు దాని పట్టీ పట్టుకొని నడిచే హ్యాండ్లరే. అతనికి ఏం తెలుసు, సంచిలో ఏం ఉంది, చేతులకు ఎంత సాధన ఉంది అన్నదాన్ని బట్టే చాలాసార్లు దాని బతుకు తేలిపోతుంది. అందుకే ఇరవై ఏళ్లుగా, ముఖ్యంగా ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల అనుభవంతో, గాయపడిన జాగిలానికి తొలి నిమిషాల్లో చేయాల్సిన వైద్యం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకుంది. అమెరికా సైన్యపు జాయింట్ ట్రామా సిస్టమ్ దీనికోసం ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. పశువైద్యుడు అందుబాటులో లేనప్పుడు మనుషులకు వైద్యం చేసే మెడిక్‌లు కూడా వాటిని పాటించవచ్చు.

సైనికుడికి గాయమైతే చేసే పనుల వరుస జాగిలానికీ చాలావరకు వర్తిస్తుంది. ముందు రక్తస్రావం ఆపాలి. తర్వాత ఊపిరి, రక్తప్రసరణ, ఒంటి వేడి చూసుకోవాలి. అయితే వీటన్నిటికంటే ముందు రెండు పనులున్నాయి: ప్రమాదం నుంచి పక్కకు లాగడం, మూతి కట్టడం. నొప్పితో, భయంతో ఉన్న జాగిలం ఏళ్ల తరబడి అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. అది దాని తప్పు కాదు. కరిస్తే మాత్రం కాపాడాల్సిన చెయ్యే గాయపడుతుంది. అందుకే మూతికట్టు సంచి అడుగున కాకుండా చేతికందే చోట ఉండాలి. లేకపోతే గాజుబట్టతోనైనా కట్టాలి. దీనికీ మినహాయింపులున్నాయి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి అందకపోతున్నా, వడదెబ్బ తగిలినా మూతి బిగించకూడదు. కుక్కకు నోరు తెరిచి రొప్పడమే ఒళ్లు చల్లబరుచుకునే ప్రధాన మార్గం. ఆ నోరు కట్టేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

రక్తస్రావం దగ్గరే మనిషికీ కుక్కకూ ఉన్న తేడా బాగా తెలుస్తుంది. దట్టమైన బొచ్చు నెత్తురును దాచేస్తుంది. అందుకని వేళ్లను బొచ్చులోకి పోనిచ్చి మెడ నుంచి తోకదాకా తడుముతూ, ప్రతిసారీ అరచేయి చూసుకోవాలి. కాలికి దెబ్బ తగిలితే సైనికులకు వాడే టూర్నికే (రక్తం ఆగేలా బిగించే పట్టీ) అన్నిసార్లూ పనికిరాదు. కుక్క కాలు పైన లావుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. బిగించిన పట్టీ కిందికి జారిపోతుంది. సాగే రబ్బరు పట్టీని చుట్టలు చుట్టలుగా బిగించి కట్టడం ఇంతకంటే నమ్మకమైన పద్ధతి. చాలా గాయాలకు గట్టిగా అదిమిపట్టి, ఆపై ఒత్తిడి కట్టు కట్టినా సరిపోతుంది. మెడ, చంక, గజ్జ దగ్గర ఏ పట్టీ నిలవదు. అక్కడ రక్తం గడ్డకట్టించే మందు పూసిన గాజుబట్టను గాయం లోతుదాకా కూరి, కనీసం మూడు నిమిషాలు బలంగా అదిమి ఉంచాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు. ఎదుట నెత్తురు కారుతుంటే ఆ మూడు నిమిషాలు ఓర్చుకోవడమే కష్టమైన పని.

టూర్నికే అసలే పనికిరాదని కాదు. అమెరికన్ మెరైన్ల జాగిలం లూకా కథే అందుకు సాక్ష్యం. 2012లో అఫ్గానిస్థాన్‌లో మందుపాతర పేలి దాని ముందు కాలు నుజ్జయింది. హ్యాండ్లర్ హువాన్ రోడ్రిగెజ్ అక్కడికక్కడే టూర్నికే బిగించాడు. కాలు తీసేయాల్సి వచ్చినా లూకా బతికింది. 2016లో జంతువుల సాహసానికిచ్చే డికిన్ మెడల్ అందుకుంది. 2019లో అదే దేశంలో తూటాలకు రెండు వెనుక కాళ్లూ దెబ్బతిన్న బ్రిటిష్ జాగిలం కూనోకు హెలికాప్టర్‌లోనే చికిత్స చేశారు. తర్వాత కృత్రిమ అవయవాలు అమర్చితే అది మళ్లీ పరుగెత్తింది.

ఎంత రక్తం పోతే ప్రమాదమో కూడా హ్యాండ్లర్‌కు తెలియాలి. కుక్క ఒంట్లో కిలో బరువుకు సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 30 కిలోల మాలినోయిస్‌లో ఉండేది రెండున్నర లీటర్లే. బీపీ యంత్రం లేని చోట చిగుళ్లే చెబుతాయి. గులాబీ రంగు చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు తిరగాలి. అంతకంటే ఆలస్యమైనా, చిగుళ్లు పాలిపోయినా షాక్‌లోకి జారుతోందని అర్థం. నాడి తొడ లోపలి వైపు దొరుకుతుంది. కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే హ్యాండ్లర్ రోజూ దాన్ని పట్టి చూస్తుంటే, ఆపదలో వెతుక్కోనక్కరలేదు. కుక్కకు మనిషి రక్తం ఎక్కించకూడదు. మరో కుక్క రక్తమైతే, మొదటిసారి ఎక్కించేటప్పుడు తీవ్రంగా వికటించడం అరుదు. కాబట్టి పక్కనున్న ఆరోగ్యవంతమైన జాగిలమే దాతగా అక్కరకొస్తుంది.

ఛాతీకి తూటా తగిలి గాలి లోపలికి పోతుంటే రంధ్రాన్ని గాలి చొరకుండా మూసెయ్యాలి. మనుషులకు వాడే అంటుకునే సీలు బొచ్చు మీద నిలవదు. బొచ్చు కత్తిరించో, జిగురు లేపనం దట్టంగా పూసో అతికించాలి. ఇక మందుల విషయంలో ఒక హెచ్చరిక. సైనికుడి జేబులో ఉండే ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ కూడా పశువైద్యుడు చెప్పకుండా ఇవ్వకూడదు.

తెలుగు నేల మీద పనిచేసే జాగిలాలకు తూటాతో సమానమైన శత్రువు ఎండ. కుక్క మామూలు ఒంటివేడి 100 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. పని జోరులో 106 దాటినా చలాకీగా ఉండే జాగిలాలున్నాయి. కాబట్టి థర్మామీటర్ అంకెతోపాటు నడక, చూపు, మాట వినే తీరు గమనించాలి. తూలుతున్నా, పిలుపుకు పలకకపోయినా అది వడదెబ్బే. అప్పుడు ఆస్పత్రికి పరుగెత్తడం కంటే ముందు చల్లబరచాలి. ఒళ్లంతా నీళ్లలో ముంచాలి, కుదరకపోతే ధారగా పోసి విసరాలి. తడి గుడ్డ కప్పి అలాగే వదిలేస్తే కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. వేడి 103కు దిగగానే ఆపాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడుతుంది. అమెరికాలోని పెన్ వెట్ వర్కింగ్ డాగ్ సెంటర్ పరిశోధకులు 2024లో మరో తేలిక మార్గం చూపారు. నీళ్ల తొట్టిలో తనంత తానే తల ముంచేలా జాగిలానికి నేర్పితే, పరుగు తర్వాత వేడి పెరగకుండా వేగంగా అదుపులోకి వచ్చింది. నేలమీద బొమ్మ అందుకోవడం తెలిసిన కుక్కకు నీళ్లలోంచి అందుకోవడం నేర్పితే చాలు. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి డాగ్ స్క్వాడ్ ఈ వేసవిలోనే మొదలుపెట్టగల పని ఇది.

నైపుణ్యం ఉన్నా దారి మూసుకుపోయిన సందర్భాలున్నాయి. 2018లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పోలీసు అధికారి షాన్ గానన్‌ను కాల్చి చంపారు. ఆయన జాగిలం నీరో ముఖానికీ మెడకూ తూటా తగిలింది. అంబులెన్స్ సిబ్బంది జంతువుకు వైద్యం చేయడానికి చట్టం ఒప్పుకోలేదు. పోలీసు వాహనంలోనే తీసుకెళ్లారు. నీరో బతికింది. 2022లో దాని పేరుతోనే ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది. దాని ప్రకారం, మనుషులెవరూ అంబులెన్స్ కోసం ఎదురుచూడనప్పుడు గాయపడిన పోలీసు జాగిలానికి ప్రథమ చికిత్స చేసి తరలించవచ్చు.

అన్నీ సవ్యంగా జరిగినా కొన్ని ప్రాణాలు నిలవవు. 2022 అక్టోబరులో అనంతనాగ్‌లో ఉగ్రవాదులున్న ఇంట్లోకి వెళ్లిన సైనిక జాగిలం జూమ్ రెండు తూటాలు తగిలినా వెనక్కి తగ్గలేదు. శ్రీనగర్‌లోని సైనిక పశువైద్యశాలకు చేర్చి శస్త్రచికిత్స చేశారు. అక్టోబరు 13న కన్నుమూసింది. పొంచి ఉన్న ప్రమాదాన్ని తమకంటే ముందు ఎదుర్కొనే ప్రాణి ఇలా నేలకొరిగినప్పుడు, దళంలో ప్రతి ఒక్కరికీ దాని విలువ తెలుసు. ఆ విలువకు తగ్గ ఏర్పాటు గాలింపుకు బయల్దేరక ముందే జరగాలి. జాగిలం బరువు కిట్ మీద రాసి ఉండాలి. అడ్రినలిన్ సహా ప్రతి మందు మోతాదునూ పశువైద్యుడు ఆ బరువుకు లెక్కకట్టి ముందే ఇవ్వాలి. రక్తం ఎక్కించి, ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయగల దగ్గరి పశువైద్యశాల ఎక్కడో, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేదెవరో, హెలికాప్టర్‌లో జాగిలానికి చోటుందో లేదో దళనాయకుడు అడిగి రాసిపెట్టుకోవాలి.