కల్లం దగ్గర మొదలవ్వాల్సిన చదువు

అంతర్జాతీయ వాణిజ్యం చదివేవాళ్లకి మొదటి పాఠం ఆర్థికవేత్త రికార్డో. ఇంగ్లండు బట్ట నేసి, పోర్చుగల్ ద్రాక్షసారా తీసి ఇచ్చిపుచ్చుకుంటే ఇద్దరికీ లాభమేనని 1817లో ఆయన లెక్క కట్టి చూపించాడు. ఆ లెక్క తప్పు కాదు. కానీ పత్తీ మిర్చీ పండించే ప్రత్తిపాడు ప్రాంతపు పిల్లలకి ఈ చదువు కల్లం దగ్గరే మొదలవ్వాలి. గుంటూరు యార్డులో తేజ రకం మిర్చి ధర చైనా కొనుగోళ్లను బట్టి లేస్తుంది, పడుతుంది. యూరప్‌కి వెళ్లే ఎండుమిర్చిలో కిలోకి అఫ్లటాక్సిన్ బి1 5 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే 40 కిలోల టిక్కీ మొత్తంలో మిల్లీగ్రాములో ఐదో వంతు! కంటికి ఆనని ఆ విషం పుట్టేది తడి ఆరని కాయకి పట్టే బూజులో. మట్టినేల మీదే ఆరబోశారా, మంచు పడే రాత్రి పట్టా కప్పారా, తూకం కోసం నీళ్లు చల్లారా అన్నవన్నీ చివరికి పరీక్ష కాగితం మీదికి ఎక్కుతాయి. 2003లో యూరప్‌లో మన మిర్చి సరుకులో సుడాన్ అనే నిషిద్ధ రంగు బయటపడ్డాకే, ఎగుమతికి ముందు స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరైంది.

ధర తన చేతిలో లేని రైతుకి ఇదంతా ఎందుకని అడుగుతారు. పత్తి సంగతి చూడండి. 2021లో దిగుమతి దూది మీద వేసిన 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19న ఎత్తేశారు. సెప్టెంబరు 30 వరకే అని, మళ్లీ డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆ పొడిగించిన నెలలు సరిగ్గా మన చేలల్లో తీతలు సాగేవి. 2025లో అమెరికా వేసిన 50 శాతం సుంకంతో చితికిన వస్త్ర పరిశ్రమకి దూది చవగ్గా అందాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు; నూలు మిల్లులు గుంటూరు జిల్లాలోనూ ఉన్నాయి, వాటిలో పనిచేసేదీ మనవాళ్లే. రికార్డో చెప్పిన లాభం దేశం మొత్తానిది. అది ఎవరి ఇంటికి చేరాలో, నష్టం ఎవరి చేలో పడాలో తేల్చేది ప్రభుత్వ విధానం. బయట ధర దిగితే రైతుకి మిగిలే దిక్కు మద్దతు ధరకి పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ). పొడుగు పింజకి ఆ ఏటి మద్దతు ధర క్వింటాకి 8,110 రూపాయలు, తేమ మాత్రం 12 శాతం దాటకూడదు. ఆ సంగతి ముందే తెలిసిన రైతు పత్తిని ఇంకో రెండు ఎండలు ఆరనిస్తాడు. సుంకం ఎత్తేసిన తేదీ తెలిసిన రైతు సంఘం, కొనుగోలు కేంద్రాలు ఎప్పుడు తెరుస్తారని తీతలకి ముందే, సెప్టెంబరులోనే నిలదీస్తుంది.