పన్నుకు మారుపేర్లు: ఆబిడ్స్, నాంపల్లి వ్యవహార పదాల అర్థపరిశీలన

తెలుగులో ‘పన్ను’ అనే రూపానికి దంతమనీ, ప్రభుత్వానికి చెల్లించే సొమ్మనీ రెండర్థాలు. ఏకవచనంలో ఒకటిగా వినిపించే ఈ మాటలను బహువచనం విడదీస్తుంది: దంతాలు పళ్లు, చెల్లింపులు పన్నులు. వ్యాకరణం ఇంత స్పష్టంగా వేరుచేసిన పదాన్ని వ్యవహారం మాత్రం తరచుగా తప్పించుకుంటుంది. ఆ తప్పింపులోని పద్ధతిని, దాని ఫలితాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పరిశీలనకు హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతం అనువైన క్షేత్రం. ఆబిడ్స్ వర్తక కేంద్రం. దాని పక్కనే ఉన్న నాంపల్లిలో వాణిజ్య పన్నులు, ఆబ్కారీ, రిజిస్ట్రేషన్ శాఖల ప్రధాన కార్యాలయాలు ఉన్నాయి. కొనేవారి తెలుగు, అమ్మేవారి తెలుగు, ప్రభుత్వ తెలుగు ఇక్కడ కలుస్తాయి.

సూటి పేర్లు

పాత పదజాలంలో అరి అంటే పన్ను. ఇంటి మీద వేసినది ఇల్లరి. పశువులు మేసే పుల్లు మీద వేసినది పుల్లరి. అరి చెల్లించే సామంతుడు అరిగాపు. దేని మీద వేశారో పేరులోనే ఉంది. 1921-22లో కన్నెగంటి హనుమంతు నాయకత్వాన పల్నాటి రైతులు సాగించిన పోరాటం పుల్లరి సత్యాగ్రహంగానే నిలిచింది. ఎదిరించవలసినదేమిటో ఆ పేరే చెప్పింది.

శుల్కం, సుంకం తత్సమ తద్భవాలు. మూలార్థాల్లో వెల ఒకటి. గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో సముద్ర వర్తకులకు హామీ ఇచ్చినది క్లుప్తశుల్కం, అంటే ముందుగా నిర్ణయించిన సుంకం. తరువాతి కాలంలో తద్భవం పన్నుగా స్థిరపడింది. తత్సమం గురజాడ ‘కన్యాశుల్కం’ వల్ల పెళ్లివెలగా జనం మనసులో నిలిచింది. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకోవడం వృథా అనే సామెతలో కూడా వసూలు చేసేవాడు ఎవరో దాపరికం లేదు.

కానుక, ఆనవాయితీ

దాపరికం రెండు దారుల్లో ప్రవేశించింది. మొదటిది కానుక. కానుక కాంచడానికి, అంటే చూడడానికి, వెళ్లినప్పుడు ఇచ్చేది. పేష్కష్ ఎదుట ఉంచేది. నజరానా సమర్పించుకునేది. మూడింటిలోనూ ఇచ్చేవాడు కర్త. తీసుకునేవాడు కేవలం స్వీకర్త. బలవంతం వాక్యంలోంచి తొలగిపోయింది.

రెండవ దారి ఆనవాయితీ. ‘రుసుము’కు మూలమైన అరబీ రూపం బహువచనం, దాని అర్థం ఆచారాలు. తెలుగు దాన్ని ఏకవచనంగా స్వీకరించి ‘రుసుములు’ అని మళ్లీ బహువచనం చేసింది. ‘మామూలు’ కూడా అరబీ నుంచి వచ్చినదే. అలవాటుగా జరిగేదని అర్థం. విశేషణంగా అది సాధారణమైనది. ‘మామూళ్లు’ అనగానే లంచాలు. ఆంగ్లంలోనూ ఏకవచనంలో ఆచారాన్ని చెప్పే మాట బహువచనంలో ‘కస్టమ్స్’గా మారి సుంకమైంది. సంబంధంలేని భాషల్లో ఒకే పోకడ కనిపించడం యాదృచ్ఛికం కాదు. పదేపదే తీసుకున్నదే ఆచారమవుతుంది. ఆచారమైనదానికి కారణం అడగరు.

నాంపల్లిలోని ఆబ్కారీ భవన్ పేరు మరింత దూరం వెళుతుంది. పారసీకంలో ‘ఆబ్’ నీరు, ‘కారీ’ పని. ఈ మాటలో మద్యమూ లేదు, పన్నూ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో అమలైన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేసినా, మద్యంపై రాబడి వసూలుచేసే శాఖ పేరులో ‘నిషేధం’ నేటికీ ఉంది.

నేటి వ్యవహారం

వర్తకుల భాషలో పన్ను కట్టిన అమ్మకానికి పక్కా బిల్లు, కట్టనిదానికి కచ్చా బిల్లు. పండినది, పచ్చిది అన్న ఈ పోలికలో ఎగవేత నేరంగా కాక ఇంకా పక్వానికి రాని దశగా కనిపిస్తుంది. ‘జీరో దందా’లో పన్ను పేరు లేదు, దాని మొత్తం మాత్రమే ఉంది. 2005లో వ్యాట్, 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాయి. ‘విలువ ఆధారిత పన్ను’, ‘వస్తు సేవల పన్ను’ అన్న పేర్లు ప్రకటనలకే పరిమితమయ్యాయి. అయితే జనం ‘జి.ఎస్.టి. పన్ను’ అంటారు. చివరి అక్షరంలోనే పన్ను ఉన్నందున ఇది పునరుక్తి. కానీ సంక్షిప్తాక్షరం దాచినదాన్ని వ్యవహర్త తిరిగి బయటపెట్టిన పునరుక్తి.

ఇల్లు కొనేవారు ‘రిజిస్ట్రేషన్ ఖర్చు’ అంటారు. తెలంగాణలో 2021 జూలైలో సవరించిన రేట్ల ప్రకారం ఆ 7.5 శాతంలో స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5. మొత్తానికి స్థిరపడ్డ పేరు అతిచిన్న భాగానిది. జరిమానాను ‘అపరాధ రుసుము’ అనడం ప్రభుత్వ తెలుగులోని మృదూక్తి. సొమ్ము జమచేసే కాగితం ‘చలానా’. అదే మాట ‘చలాన్’గా రోడ్డు మీద జరిమానా అయింది.

మృదూక్తి ఎవరి కోసం?

దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం కూడా మృదూక్తే. అది వినేవారి మనసును కాపాడుతుంది. పన్నుల మృదూక్తి తీసుకునేవారిని కాపాడుతుంది. ఈ తేడాను గుర్తించకుండా రెండింటినీ ఒకే శీర్షిక కింద చేర్చడం అర్థవిచారానికి చాలదు.

పేరు వల్ల హక్కు కూడా మారుతుంది. పొందిన సేవకు బదులు చెల్లించేది రుసుము, అలాంటి బదులు లేనిది పన్ను అని 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు భేదం చూపింది. కేంద్రం వసూలుచేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. 270వ అధికరణం ప్రకారం సెస్సులకు, సర్‌చార్జీలకు ఆ పంపకం వర్తించదు. చెల్లించేవారి చేతినుంచి వెళ్లేది ఒకే రూపాయి. పేరును బట్టి అది చేరే చోటు వేరు. ‘సెస్సు’కు జనవ్యవహారంలో తెలుగు మాట స్థిరపడకపోవడం అందుకే కేవలం అనువాద సమస్య కాదు.

1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును పాలనా భాషగా గుర్తించింది. పాలనా భాషలో పన్ను పేరు దేని మీద, ఎందుకు అన్న ప్రశ్నలకైనా జవాబివ్వాలి. వృత్తి పన్ను, ఆస్తి పన్ను అన్న సమాసాలు ఆ పని చేస్తున్నాయి. నిర్మాణంలో అవి ఇల్లరి, పుల్లరులకు వారసులు. కొత్త మాటల కల్పనలో పరిభాషాకర్తలు అనుసరించదగిన నమూనా తెలుగులో ముందునుంచీ ఉంది.